సరిపేజీల అడుగున

మార్చి 24, సోమవారం

ఇకమతు.

ఈ వారం దొరికిన మాట ఇది. అవ్వ నోట్లోంచి రాలింది. పాలగిన్నె మూత మీద రాయి పెట్టి, ఇక పిల్లి ఓడిపోయిందని అవ్వ సంబరపడుతుండగానే పిల్లి రాయి జోలికి పోకుండా గిన్నెనే పక్కకి వంచింది. "దీని ఇకమతు సూడుండ్రి" అంది అవ్వ, తిట్టాల్సింది పోయి మెచ్చుకుంటున్నట్టు. నిఘంటువులో చూస్తే ఉపాయం, యుక్తి అని ఉంది. ఆ పిల్లికి ఈ రెండూ చాలవు.

ఈ నోటుబుక్కులో ముందువైపు నుంచి మాటలు, వెనకవైపు నుంచి నేను. ఎవరైనా తెరిస్తే మాటల పట్టిక కనపడుతుంది, విసుగొచ్చి మూసేస్తారు. ఇదీ ఇకమతే.

ప్రాజెక్టు రిపోర్టు రాయడం ఈ రోజు మొదలుపెట్టాను. ఎమ్మెస్సీ గణితం, ఆఖరి సెమిస్టరు. నిజామాబాద్ మార్కెట్ యార్డుకి పసుపు తెచ్చిన బండ్లు తూకానికి కాంటా దగ్గర ఎంతసేపు ఆగుతాయన్నది నా విషయం. ఒక షెడ్డు ముందు నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాను. పదిహేను రోజుల పట్టిక తయారుగా ఉంది. సరాసరి ఆగుడు నలభై ఐదు నిమిషాలు దాటితే ఆ షెడ్డుకి రెండో కాంటా కావాలి, దాటకపోతే ఒకటి చాలు. ఆ గీత నేనే గీసుకున్నాను. నలభై మూడు వచ్చింది. చాలు. ఇక రాయడమే.

మా గైడు ఆత్మారాం సార్ అందరినీ నిలబెట్టి చెప్పారు: "లేటెక్‌ల జెయ్యాలె. వర్డుల జేసి తెస్తే నేను ముట్ట."

పక్కనే నిలబడ్డ సాహిత్య నా చెవిలో, "లేటెక్‌లో చేస్తే మాత్రం ముడతారా ఏంటి?" అంది.

మార్చి 28, శుక్రవారం

లేటెక్‌లో ఆదేశాలు రాసిస్తే అదే పేజీలు పేర్చి పెడుతుంది, కానీ పేజీకి నెత్తి, కాళ్ళు, అంటే పైనా కిందా పడే వరుసలు, మనమే పెట్టుకోవాలి. దానికి ఫ్యాన్సీ హెడర్ అని ఒక ప్యాకేజీ. నెత్తికి ఎడమ, నడుమ, కుడి. కాళ్ళకీ అంతే. ఒక్కోదానిలో మళ్ళీ సరిపేజీకి వేరు, బేసిపేజీకి వేరు. మొత్తం పన్నెండు గదుల ఇల్లు. మా ఇంట్లో మూడే. పొద్దుటి నుంచి ఆ పన్నెండు గదుల్లో తిరుగుతూ ఉన్నాను. నెత్తి మీద ఎడమన అధ్యాయం పేరు, కుడిన పేజీ అంకె. కింద ఏమీ లేదు. చూడ్డానికి అచ్చం పుస్తకంలా ఉంది.

ఒక్క విచిత్రం: అధ్యాయం మొదలయ్యే పేజీ ఈ సింగారం ఒప్పుకోదు. దానికి 'ప్లెయిన్' అనే వేరే తీరు ఉంది. ఎంత అలంకరించినా ఆ పేజీ మటుకు ఒక్క అంకె పెట్టుకుని బోసిగా నిలబడుతుంది.

"ఏందే బిడ్డా, పొద్దటి సంది గా డబ్బ ముంగట్నే కూసున్నవ్?" అంది అవ్వ.

"పేజీలకు కాళ్ళు పెడుతున్ననే."

"సదువుకున్నోళ్ళకు పనుల్లేవు" అని వడ్లు ఎండబోయడానికి వెళ్ళింది.

ఏప్రిల్ 3, గురువారం

మొదటి అధ్యాయం ప్రింటు తీసి సార్‌కి ఇచ్చాను. పన్నెండు పేజీలు. మొదటి పేజీ చూశారు. ఆకుపచ్చ ఇంకుతో "చూసిన. మంచిగుంది" అని రాసి తిరిగిచ్చారు. బస్సులో టిక్కెట్టు కొట్టడానికి ఇంతకన్నా ఎక్కువసేపు పడుతుంది.

ఎక్కువ మంది విద్యార్థులు కదా. పద్నాలుగు మందిమి. నాకేం కోపం లేదు.

ఏప్రిల్ 10, గురువారం

రెండో అధ్యాయం. ఇవ్వబోయే ముందు మూడో పేజీకీ నాలుగో పేజీకీ మధ్య ఒక అన్నం మెతుకు పెట్టి నొక్కాను. సాహిత్య తన టిఫిన్ డబ్బాలోంచి ఇచ్చింది.

సాయంత్రం కాగితాలు తిరిగొచ్చాయి. "చూసిన. మంచిగుంది." మెతుకు ఎక్కడిదక్కడే ఉంది, కొంచెం ఎండింది.

"ఆ మెతుక్కి ఓ డిగ్రీ ఇవ్వాలే దీక్షీ. కదలకుండా కూర్చుంది పాపం" అంది సాహిత్య బస్సులో. అది బోధన్‌లో ఎక్కి నాకు సీటు పట్టి ఉంచుతుంది, నేను ఎడపల్లిలో ఎక్కుతాను. సాయంత్రం ఇద్దరం కలిసే తిరిగి వెళ్తాం. వాళ్ళ తాత కాలవ నీళ్ళు వచ్చిన రోజుల్లో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నాడు. మాటలో ఆ యాస ఇంకా పోలేదు. నేను దాని మాటలు కూడా రాసుకుంటాను. 'ఘనకార్యం' దానిదే.

నాకేం కోపం లేదు. రెండో అధ్యాయంలో ఒక వాక్యం ఉంది, "బండి ఆగినంతసేపూ రైతు కూడా ఆగుతాడు" అని. ఇంగ్లీషులో రాయడానికి ఒక పూట పట్టింది. అది ఆ మెతుకు పక్కనే ఉంది.

ఏప్రిల్ 12, శనివారం

ఈ రోజు తెలుగు ఫాంటు పెట్టాను. ఊరికే. రిపోర్టు ఇంగ్లీషే, కానీ తెలుగు పడుతుందో లేదో చూద్దామని. మొదట వత్తులన్నీ విడిపోయి చెల్లాచెదురయ్యాయి. మధ్యాహ్నానికి కుదురుకున్నాయి.

తర్వాత సరిపేజీ కాళ్ళ గదిలో ఒక తెలుగు వాక్యం రాశాను. పేజీలో రాలేదు. పసుపురంగు హెచ్చరిక ఒకటి వచ్చింది: ఈ పత్రం ఒకవైపు ప్రింటుకే రాసి ఉంది, కాబట్టి సరిపేజీకంటూ వేరుగా ఏం చెప్పినా నిష్ప్రయోజనం.

నిష్ప్రయోజనం! ఎంత పొడుగు మాట, ఎంత బాగుంది. ఒకవైపు ప్రింటయితే లేటెక్ అన్ని పేజీలనీ బేసి కిందే లెక్కేస్తుందట. అంటే సరిపేజీల గదులు ఉంటాయి, వాటిలో సామాను పెట్టుకోవచ్చు, బయటికి మాత్రం ఏమీ కనపడదు.

నాకు కావలసింది అలాంటి గదే.

ఏప్రిల్ 16, బుధవారం

ఇప్పటికి నాలుగు వాక్యాలు రాశాను, అధ్యాయం మధ్య మధ్యలో మార్చుకుంటూ. సార్‌కి ఇచ్చే కాగితాల్లో ఒక్కటీ పడదు. నేను రాశానని నాకు తెలుసు, లేటెక్‌కి తెలుసు. ఇది ఎవరినీ నొప్పించే పని కాదు. రిపోర్టు పూర్తయ్యాక ఎలాగూ తీసేస్తాను.

ఏప్రిల్ 22, మంగళవారం

మూడో అధ్యాయం. "చూసిన. మంచిగుంది."

మరో మూడు రాశాను. రేపు తీసేస్తాను.

ఏప్రిల్ 29, మంగళవారం

నాలుగో అధ్యాయంలోనే పట్టికలు ఉన్నాయి. దానికి ఏ వాక్యమూ తోచలేదు. ఖాళీగా వదిలేశాను.

"చూసిన. మంచిగుంది."

మే 5, సోమవారం

రిపోర్టు పూర్తయింది. అరవై రెండు పేజీలు. ఐదో అధ్యాయం అడుగున మరో నాలుగు వాక్యాలు పడ్డాయి. లోపల రెండో పేజీలో ధ్రువపత్రం: ఈ రిపోర్టును నేను ఆసాంతం పరిశీలించి ఆమోదించితిని అని. కింద సార్ సంతకం, స్కాన్ చేసి ఫైలులో పెట్టింది, ఆకుపచ్చగా. 'ఆసాంతం' మాట నాకు ఇష్టం. మొదలు నుంచి చివర దాకా అన్నది ఒక్క మాటలో పడుకుంది.

డిపార్టుమెంటు గ్రూపులో మెసేజి వచ్చింది. కాగితం ఆదా చేయాలట. ఫైలులో మొదటి వరుస తీసేసి, పంపిన కొత్త వరుస అతికించుకోండి చాలు, మిగతాది ముట్టకండి అని. అతికించాను. అర నిమిషం పని.

మే 7, బుధవారం

అనిల్‌కుమార్ అన్న షాపులో నాలుగు కాపీలు, స్పైరల్ బైండింగ్. ఒకటి సార్‌కి, ఒకటి డిపార్టుమెంటుకి, ఒకటి పరీక్షల విభాగం ద్వారా బయటి నుంచి వచ్చే ఎగ్జామినరుకి, ఒకటి నాకు.

ప్రింటు కొట్టే ముందు అన్న అడిగాడు. "అంత ఓకే గదా సెల్లే? ఒక్కపారి సూస్కో. తర్వాత నా మీదికి రావొద్దు."

విషయసూచికలో ఒక్కో అధ్యాయం మీద నొక్కి చూశాను. ఐదూ శుభ్రంగా ఉన్నాయి.

"కొట్టు అన్నా."

మే 8, గురువారం

ఇచ్చేశాను! తేలిగ్గా ఉంది. అవ్వ పాయసం చేసింది. పిల్లికి కూడా.

మే 9, శుక్రవారం

చచ్చాను.

అదే రోజు, కొంచెం కుదుటపడ్డాక

పొద్దున బస్సులో నా కాపీ సాహిత్య చేతికిచ్చాను, బైండింగ్ చూడమని. జానకంపేట దాటాక అది నవ్వడం మొదలుపెట్టింది. మొదట ముక్కుతో, తర్వాత నోటితో. తర్వాత నవ్వు ఆపేసింది.

"ఒసేయ్. ఇవి ఏంటే అడుగున?"

పద్నాలుగో పేజీ. కింద నడుమన, ముద్దుగా, వత్తులన్నీ కుదురుగా:

*ఆత్మారాం సార్ ఈ పేజీ దాకా రాలేదు. వచ్చినవారికి ఒక ప్లేటు మిర్చి. ఆఫరు ఇంతవరకు ఎవరూ వాడుకోలేదు.*

ఇరవై రెండో పేజీ: *ఇక్కడ ఒక మెతుకు కాపురం ఉండేది. గైడు కన్నా ఎక్కువసేపు ఈ పేజీలో ఉంది.*

ముప్పయ్యో పేజీ: *ఆకుపచ్చ ఇంకు త్వరగా ఆరుతుంది. అందుకే సార్ త్వరగా చదువుతారు.*

యాభై ఆరో పేజీ: *ఎవరైనా ఉన్నారా?*

ఇంకా ఉన్నాయి. రాయలేను.

సాహిత్య ఫోన్‌లో ఆ మెసేజి తీసింది. కొత్త వరుసలో మధ్యలో ఒక మాట: టూసైడ్. రెండు వైపులా ప్రింటు. ఆ ఒక్క మాటతో లేటెక్ సరిపేజీలని సరిపేజీలుగా గుర్తించింది, గదుల తలుపులన్నీ తెరిచేసింది.

"అతికించే ముందు చదవలేదా?"

"అతికించమన్నరు, అతికించిన."

"అనిల్ షాపులో చూసుకోలేదా?"

"సూసిన. అధ్యాయాల మొదటి పేజీలు."

అంటూండగానే నాకు అర్థమైంది. మొదటి పేజీలు ప్లెయిన్. వాటిలో ఏ గదీ తెరుచుకోదు. సాహిత్యకీ అర్థమైంది. కిటికీ వైపు తిరిగి భుజాలు ఊపుకుంటూ కూర్చుంది.

అసలు భయం నవ్వులది కాదు. రెండో పేజీలో సార్ 'ఆసాంతం' పరిశీలించానని సంతకం పెట్టారు. పద్నాలుగో పేజీలో నేను ఆయన ఇక్కడికి రాలేదని రాశాను. ఒకే పుస్తకంలో, పన్నెండు పేజీల తేడాతో. ఎగ్జామినరు తెరిస్తే పోయేది నా మార్కులొక్కటే కాదు.

మే 10, శనివారం

ఘనకార్యం.

కాళ్ళన్నీ నరికేసి, అంటే ఆ వాక్యాలన్నీ తీసేసి, పొద్దున్నే మూడు కాపీలు కొట్టించాం. అనిల్ అన్న "మల్లనా?" అన్నాడంతే.

డిపార్టుమెంటు బీరువా దగ్గర సాహిత్య అటెండరు రామస్వామి అన్నని మాటల్లో పెట్టింది. వాళ్ళ పొలంలో చెరుకు ఇప్పుడు ఎవరూ వేయడం లేదని మొదలుపెట్టి, చెరుకు గానుగలు, బెల్లం, బెల్లానికి పట్టే ఈగల దాకా వెళ్ళింది. అన్న కళ్ళు మూసుకుని బెల్లం గురించి చెబుతుంటే నేను పాతది తీసి కొత్తది పెట్టాను.

సార్ గదిలో సార్ లేరు. నా రిపోర్టు బల్ల మీదే ఉంది. దాని మీద టీ గ్లాసు. గ్లాసు ఎత్తాను, పుస్తకం మార్చాను, గ్లాసు మళ్ళీ పెట్టాను. పాత అట్ట మీద గుండ్రటి మరక ఉంది, కొత్తదాని మీద లేదు. కాసేపు ఆలోచించి గ్లాసులో మిగిలిన టీతో మరక కూడా వేశాను. దీక్షగా పనిచేసే పిల్ల అని మా ఇంటర్ మాస్టారు ఊరికే అనలేదు.

మూడో కాపీ పరీక్షల విభాగంలో. "నిన్ననే పోస్టయింది" అన్నారు.

మే 12, సోమవారం

పోస్టు దారిలో పోవచ్చు. వానలో తడవచ్చు. మే నెలలో వాన పడొచ్చు.

మే 14, బుధవారం

ఎగ్జామినరు కూడా మొదటి పేజీలే చూడొచ్చు. అందరూ మనుషులే. ఇంత బాధ్యత లేని మనుషులుండాలని నేనెప్పుడూ ఇంతగా కోరుకోలేదు.

మే 15, గురువారం

వైవా. జరిగింది జరిగినట్టు రాస్తాను.

హైదరాబాద్ నుంచి వచ్చిన ఎగ్జామినరు ప్రమీలమ్మ మేడం చిన్న మనిషి, పెద్ద కళ్ళజోడు. ఆవిడ ముందు నా రిపోర్టు ఉంది. దాని సరిపేజీల్లోంచి పసుపురంగు చీటీలు బయటికి వేలాడుతున్నాయి. లెక్కపెట్టాను. పదకొండు. నేను రాసిన వాక్యాలూ పదకొండే.

పక్కన ఆత్మారాం సార్, ఇస్త్రీ చొక్కాలో, తన కాపీ ముందు పెట్టుకుని.

"మంచిగ చెప్పినవమ్మా" అన్నారు మేడం నేను మాట్లాడటం అయ్యాక. "ఇప్పుడు పద్నాలుగో పేజీ అడుగున ఉన్నది చదువు. గట్టిగ."

చదివాను, మిర్చితో సహా.

సార్ గబగబా తన కాపీ తిప్పారు. పద్నాలుగో పేజీ వచ్చింది. ఇటు తిప్పి చూశారు, అటు తిప్పి చూశారు. "నా కాపీల గసోంటిదేం లేదు మేడం."

"ఇగో, నా దాంట్ల ఉన్నది."

"నా దాంట్ల లేదు మేడం, సూడుండ్రి."

ఇద్దరూ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టారు. ఒకే అట్ట, ఒకే అంకెలు, ఒకదానికి కాళ్ళున్నాయి, ఒకదానికి లేవు. సార్ ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. "గా జిరాక్స్ షాపోడు ఆగమాగం జేసిండు మేడం. ఎవళ్ళదో ఎవళ్ళదాంట్లనో కలిపిండు. నేను ఇప్పుడే ఫోన్ జేస్త ఆనికి."

ఫోన్ కూడా తీశారు. నేను తలూపితే చాలు, అయిపోయేది. అనిల్ అన్న అడిగాడు, ఒక్కపారి సూస్కో అని.

"అన్న తప్పు కాదు సార్. నేనే రాసిన."

లాప్‌టాప్ తెరిచి చూపించాను. పాత ఫైలు. 'టూసైడ్' మాట తీసేశాను. వాక్యాలు మాయమయ్యాయి. మళ్ళీ పెట్టాను. మళ్ళీ వచ్చాయి. మేడం కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఇంకోసారి జెయ్యి" అన్నారు. మూడుసార్లు చేయించుకున్నారు. మూడోసారి ఆవిడే మీట నొక్కారు.

తర్వాత కాపీలు మార్చిన సంగతి చెప్పాను. టీ మరక సంగతి కూడా. సార్ అట్ట మీద మరకని వేలితో తాకి చూశారు.

"అంటే మీకు ఇచ్చినప్పుడు ఇవి కనపడలేదు" అన్నారు మేడం సార్ వైపు తిరిగి.

"కనపడయి మేడం" అన్నాను నేనే, ఆత్రంగా. "ఎంత చదివినా కనపడయి. సార్ తప్పేం లేదు." ఒక్క అబద్ధం కూడా లేదు ఆ మాటల్లో. నిజంతో ఇంత చక్కటి గోడ కట్టొచ్చని నాకు తెలియదు.

మేడం కళ్ళజోడు తీశారు. "అది సరే. మీరు చదివిన్రా ఆత్మారాం గారూ?"

సార్ అవునంటే సరిపోయేది. గోడ కట్టి పెట్టాను కదా. ఫ్యాను వైపు చూశారు, నా వైపు చూశారు.

"లేదు మేడం" అన్నారు. "పద్నాలుగు మంది. మొదటి పేజీ సూస్త. పిల్లల మీద నమ్మకం."

"నమ్మకం మంచిదే. వారం టైమిస్తున్న. ఈ పిల్ల రిపోర్టు అక్షరం ఇడిసిపెట్టకుండ చదవండి. ప్రతి పేజీ కింద మీ పొట్టి సంతకం ఉండాలె. అప్పుడే మార్కులేస్త. లేకుంటే ఇద్దరి పేర్లూ పైకి రాస్త." నా వైపు తిరిగి, "ఆ అడుగున జాగా ఖాళీ ఉంచు. సార్‌కి కావాలె."

బయట సాహిత్య తలుపుకి చెవి ఆనించి ఉంది. తలుపు తెరవగానే లోపలికి పడబోయింది.

మే 16, శుక్రవారం

కొత్త కాపీ ఇచ్చాను. సార్ పుస్తకం తీసుకుని టీ గ్లాసు దూరంగా జరిపారు.

మే 17, శనివారం

పదకొండింటికి ఫోన్. "దీక్షితా, జర డిపార్టుమెంటుకు రా."

"ఈ సూత్రం మూడో మెట్టు నుంచి నాలుగో మెట్టుకు ఎట్ల పోయినవ్?"

"అది... తెలుస్తది గద సార్."

"నాకు తెలుస్తలేదు. రాయి."

రాశాను. నాలుగు వరుసలు పట్టింది. నాకూ తెలియదని అప్పుడే తెలిసింది.

ఒంటిగంటకి మళ్ళీ ఫోన్. మూడింటికి మళ్ళీ. సాయంత్రానికి సార్ పద్దెనిమిదో పేజీలో ఉన్నారు. అందులో పదకొండు పేజీలకే సంతకం పడింది.

ఎవరైనా చదవాలని ఇన్నాళ్ళు ఏడ్చాను. చదవడం అంటే ఇలా ఉంటుందనుకోలేదు. నేననుకున్న దాంట్లో మధ్య మధ్యలో "ఆహా" అని ఉంది.

మే 18, ఆదివారం

ఆదివారం కూడా ఫోన్.

అవ్వ తీసింది. "సార్, మా పొల్ల అన్నం తింటున్నది. తిననియ్యుండ్రి." తర్వాత నాతో, "మంచి సారే. ఇంటి మనిషి లెక్క యాష్ట పెడుతుండు."

యాష్ట. విసుగొచ్చేదాకా సతాయించడం. రాసుకున్నాను.

ఇంకోటి రాయాలి. రెండో అధ్యాయంలో బండీ రైతూ వాక్యం కింద ఆకుపచ్చ గీత ఉంది. పక్కన ఏమీ లేదు. గీత ఒక్కటే. నా దగ్గర ఉన్న పెన్సిలుతో దాన్ని కొలవాలనిపించింది, కొలవలేదు. కొలిచాను. ఏడు సెంటీమీటర్లు.

మే 20, మంగళవారం

సార్ నాలుగో అధ్యాయానికి వచ్చారు.

పట్టిక ముందు పెట్టి, గోడ మీది కేలండరు మార్చి నెల దాకా వెనక్కి తిప్పారు. నేను కాళ్ళ వైపు చూసుకుంటూ నిలబడ్డాను, పేజీ కాళ్ళు కాదు, నావి.

"మార్చి పద్నాలుగు, శుక్రవారం. నూట తొంభై బండ్లు అని రాసినవ్."

"ఊఁ."

"హోలీ గద ఆ రోజు. యార్డు బంద్. గా నూట తొంభై బండ్లు ఏడికెళ్ళి ఒచ్చినయ్?"

ఈ డైరీలో కూడా రాయలేదు నేనిది. ఇక్కడ కూడా రాయకపోతే జరగనట్టే అనుకున్నాను. హోలీ రోజు నేను యార్డుకి పోలేదు. పొద్దున్నుంచి రంగుల్లో ఉన్నాను. మర్నాడు కూడా పోలేదు, ముఖం గులాబీరంగులో ఉంది. పదమూడు రోజులకి పదిహేను అని రాసుకుని, ఆ రెండు రోజులకి అంకెలు నేనే వేశాను. బండ్ల లెక్క ముందు రోజుల్లాగే ఉండేట్టు కాస్త అటూ ఇటూ చేసి, ఆగుడు మాత్రం చేతికొచ్చినంత వేసి. ఆ రోజు యార్డు తెరుస్తారో లేదో కూడా అడగలేదు.

"రెండు దినాలు నేనే రాసిన సార్. పోలే."

సార్ తిడతారనుకున్నాను. పెన్ను మూత పెట్టారు, తీశారు.

"ఏప్రిల్ల నేను దీని మీద మంచిగుంది అని రాసిన" అన్నారు. "రెండు నిమిషాలు కూసుంటే గప్పుడే దొరుకుతుండె."

తర్వాత ఆ రెండు వరుసలూ కొట్టేసి, నా చేతికి కాలిక్యులేటరు ఇచ్చారు. పదమూడు రోజులకి సరాసరి వేశాను. నలభై ఏడు.

గీత నలభై ఐదు దగ్గర ఉంది.

నేను పుట్టించిన ఆ రెండు రోజుల్లో బండ్లు పదిహేడు నిమిషాల్లో కాంటా దాటాయి. నా ఊహలో రైతులందరూ తొందరగా ఇళ్ళకి పోయారు. ఆ రెండు రోజుల పుణ్యాన మిగతా పదమూడు రోజులూ ఆగినవాళ్ళకి రెండో కాంటా అక్కర్లేదని ఐదో అధ్యాయంలో తేల్చేశాను. ఎంత చక్కటి ఇంగ్లీషులోనో.

"ఐదో అధ్యాయం మొత్తం పోయినట్టే గద సార్?"

"పోయింది."

"రెండు దినాలు కొట్టేసిన సంగతి రాయాల్నా? రాస్తే మార్కులు పోతయ్."

"పోతయ్" అన్నారు సార్. "నాయి పోయినయ్ గద మొన్న. నేనేమన్న సచ్చిన్నా?"

మే 22, గురువారం

రెండు రోజులుగా ఐదో అధ్యాయం. లెక్కించింది పదమూడు రోజులే, రెండు రోజుల అంకెలు నేను ఊహించి రాసినవి, తొలగించాను అని నాలుగో అధ్యాయంలో పట్టిక కిందే రాశాను. ఇంగ్లీషులో ఎలా తిప్పి చెప్పినా ఊహించి రాశాను అన్నది ఊహించి రాశాను లాగే ఉంది. అందుకని అలాగే ఉంచాను.

సార్ అరవై ఐదు పేజీల కిందా సంతకం పెట్టారు. మూడు పేజీలు పెరిగాయి. ఆఖరి పేజీ దగ్గర చెయ్యి నొప్పి పుట్టి విదిలించుకున్నారు. మేడంకి పంపించాం.

సార్ బల్ల మీద మిగతా పదమూడు మంది రిపోర్టులు దొంతరగా ఉన్నాయి. వాటి వైపు చూసి నిట్టూర్చి నాతో అన్నారు, "నువ్వు బయటికి పోయి ఈ సంగతి ఎవలకన్న జెప్పినవనుకో..."

"చెప్ప సార్."

జూన్ 18, బుధవారం

మార్కులు వచ్చాయి. నాకు వందకు అరవై ఎనిమిది. మేడం రాసిన ఒక్క వాక్యం కూడా పంపారు: ఈ విద్యార్థిని లెక్కలు ఇప్పుడు నమ్మదగినవి. 'ఇప్పుడు' అన్న మాట ఎంత బరువుందో నాకు తెలుసు. ఆ మాటని నేనయితే తీసేసేదాన్ని కాదు.

సాహిత్యకి డెబ్బై తొమ్మిది.

సాహిత్య రిపోర్టు ఇంతవరకు ఎవరూ చదవలేదు.

జూన్ 19, గురువారం

బస్సులో దాని రిపోర్టు అడిగి తీసుకున్నాను.

"ఎందుకే?" అంది అనుమానంగా.

"చదువుదామని."

"ఎందుకే!"

జూన్ 21, శనివారం

పంతొమ్మిదో పేజీలో ఉన్నాను. నాలుగు తప్పులు దొరికాయి. నిన్నటి నుంచి ఫోన్ చేస్తున్నాను, ఎత్తడం లేదు. ఈ పొద్దున వాళ్ళమ్మ చెంచులక్ష్మి గారు ఎత్తారు.

"అది ఇంట్లో లేదమ్మా" అన్నారు. వెనక నుంచి సాహిత్య గొంతు వినిపించింది. "ఊళ్ళో లేనని చెప్పమ్మా, ఊళ్ళో లేనని!"